పరమాణువు నుంచి మనిషి దాకా

జీవశాస్త్రం పరీక్ష కోసం మనమంతా బట్టీ పట్టిన వరుస ఒకటుంది. పరమాణువులు కలిస్తే అణువులు, అణువులతో కణాలు, కణాలతో కణజాలాలు, వాటితో అవయవాలు, అవయవాలతో వ్యవస్థలు, వ్యవస్థలన్నీ కలిస్తే మనిషి. నాలుగు మార్కుల ప్రశ్న. రాసి వచ్చాక ఎవరికీ గుర్తుండదు. ఈ వార్షికోత్సవ సంచిక కోసం మేము ఆ వరుసనే మళ్లీ తీసుకున్నాం. ఈసారి పుస్తకం పక్కన పెట్టి, వారానికొకసారి మన చేతిలో పెట్టే నీలం రంగు మాత్రతో మొదలుపెడుతున్నాం. దాన్ని మింగినట్టు నటించి కిటికీలోంచి విసిరేసే మిత్రులు ప్రతి గదిలోనూ ఉన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే.

మన ఒంటి బరువులో సుమారు 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్, 10 శాతం హైడ్రోజన్, 3 శాతం నత్రజని. ఇనుము ఈ లెక్కలో కనిపించనే కనిపించదు. పెద్దవాళ్ల శరీరంలో మొత్తం పోగుచేసినా 3, 4 గ్రాములే, అంటే ఒక చిన్న మేకంత. అందులో ఎక్కువ భాగం రక్తంలోనే ఉంటుంది. నీలం మాత్రలో ఉండేది 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఈ రెండూ ఒకే మాత్రలో ఉన్నా, పనిచేసేది మాత్రం వేర్వేరు మెట్ల మీద.

ఇనుము పని అణువు దగ్గర. హీమోగ్లోబిన్‌లో నాలుగు ప్రోటీన్ గొలుసులుంటాయి. ఒక్కో గొలుసుకు హీమ్ అనే చిన్న భాగం, దాని నడిమధ్య ఒకే ఒక్క ఇనుప పరమాణువు. మనం పీల్చిన ఆక్సిజన్‌ను పట్టుకునేది అదే. నాలుగు ఇనుప పరమాణువులు, నాలుగు ఆక్సిజన్ అణువులు. ఇనుము అందకపోతే హీమ్ తయారు కాదు, హీమ్ లేనిదే హీమోగ్లోబిన్ లేదు.

ఇక కణం. ఒక్క ఎర్ర రక్తకణంలో దాదాపు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులుంటాయి. అన్నిటికీ చోటు కావాలి గనుక ఈ కణం పెరిగే దశలోనే తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. కేంద్రకం లేని కణం బాగుచేసుకోలేదు, రెండుగా చీలలేదు. అందుకే దాని ఆయుష్షు 120 రోజులే. చనిపోయిన వాటి స్థానం నింపడానికి ఎముక మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలు చేస్తూనే ఉండాలి. ఇంత వేగంగా కణవిభజన జరగాలంటే డీఎన్‌ఏ తయారవ్వాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఇనుము తక్కువైతే కణాలు చిన్నవిగా, పాలిపోయి వస్తాయి. ఫోలిక్ ఆమ్లం తక్కువైతే లావుగా, సంఖ్యలో తక్కువగా వస్తాయి. సూక్ష్మదర్శినిలో చూసి ఏది లోపించిందో డాక్టర్లు చాలావరకు పసిగట్టేది ఇలాగే.

ఈ ఫోలిక్ ఆమ్లం కథలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతకుముందు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు, ఈస్టు సారం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో చెప్పింది. ఆ సారంలో ఉన్న పదార్థమేదో అప్పటికి తెలియదు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కిటికీలోంచి పడేది అదీ!

కణజాలం అనగానే కండ, చర్మం గుర్తొస్తాయి. రక్తం కూడా కణజాలమే, సంయోజక కణజాలం. పారుతుంది కాబట్టి మనకలా అనిపించదు. రక్తం పలచబడినప్పుడు అవయవాలు ఊరుకోవు. ఆక్సిజన్ తగ్గిందని మూత్రపిండాలు గమనించి ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్‌తో ఎముక మజ్జకు కబురు పంపుతాయి. కానీ ముడిసరుకు లేకపోతే మజ్జ మాత్రం ఏం చేస్తుంది? గుండె వేగం పెంచుతుంది. అందుకే రెండు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం, దడ. శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు ఆక్సిజన్‌లో 20 శాతం వాడుకుంటుంది.

చివరి మెట్టు మనిషి. అక్కడ కనిపించేది ఏమిటి? స్టడీ అవర్లో పుస్తకం మీద తల వాల్చిన పిల్ల. ఆటల పీరియడ్లో గట్టున కూర్చున్న పిల్లాడు. వాళ్లకు మనం పెట్టే పేరు "బద్ధకం". 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం, మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. అంత పెద్ద సంఖ్యను సోమరితనం ఖాతాలో రాయడం అన్యాయమని మా అభిప్రాయం. ఆడపిల్లలకు నెలసరితో ఇనుము పోతుంది, ఇద్దరికీ ఎదిగే వయసు కాబట్టి ఎక్కువ కావాలి. నులిపురుగుల్లో కొంకిపురుగు పేగును కరచుకుని రక్తం తాగుతుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే.

"నాలుగు వారాలు వేసుకున్నాం, ఏమీ మారలేదు" అంటారు. 120 రోజుల లెక్క గుర్తు చేసుకోండి. పాత కణాలు పోయి కొత్తవి రావాలంటే నెలలు పడుతుంది. మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో వికారం తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు, ఒంటికి పట్టని ఇనుము అది. వెంటనే టీ తాగితే ఇనుము సరిగా పట్టదు. నిమ్మకాయ, ఉసిరి, జామ అయితే సాయం చేస్తాయి. తిండి విషయానికొస్తే ఆకుకూరల ఇనుము కన్నా మాంసంలోని హీమ్ ఇనుము తేలిగ్గా ఒంటికి పడుతుంది. మన ఇళ్లలో వండుకునే నల్ల, కార్జం చూసి ముఖం చిట్లించేవాళ్లుంటారు. హీమోగ్లోబిన్ గురించి చదివాక ఆ కూర విలువేమిటో వాళ్లకూ తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. రక్తహీనత అంతా ఇనుము లోపం కాదు. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన మిత్రుల్లో కొందరికి సికిల్‌సెల్ ఉండొచ్చు. హీమోగ్లోబిన్ బీటా గొలుసులోని 146 అమైనో ఆమ్లాల్లో ఆరోది ఒక్కటి మారితే చాలు, కణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, కీళ్లూ ఎముకలూ విపరీతంగా నొప్పి పెడతాయి. దానికి ఇనుము మందు కాదు. కళ్లు పచ్చబడటం, తరచూ ఒళ్లు నొప్పులు ఉన్నవాళ్లు మాత్రతో సరిపెట్టుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుని, సికిల్‌సెల్ పరీక్ష గురించి అడగాలి.