ఆగిన గుండెకు రెండు చేతులు

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుమార్గము దాదాపు 34 కిలోమీటర్లు. బండి ఎంత వడిగా పోయినను అరగంటకు తక్కువ పట్టదు. గుండె ఆగిన మనిషి మెదడు అంతసేపు కాచుకొని యుండదు. రక్తము అందని నాలుగైదు నిమిషములకే అది చెడుట కారంభించును. రేపల్లె దిగువ రొయ్యల చెరువుగట్టున కరెంటు తగిలి పడిన కూలికిని, బాపట్ల చెంత సూర్యలంక సముద్రములో మునిగి ఒడ్డుకు చేర్పబడిన కుర్రవానికిని, తెనాలి బజారులో ఉన్నట్లుండి ఒరిగిపోయిన వర్తకునికిని ఈ లెక్క ఒక్కటే. ఆసుపత్రి చేరులోపల ప్రక్కనున్నవారు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానమును మానవుడు చాలవరకు జంతువుల గుండెల నుండియే నేర్చుకొనెను.

1775లో డెన్మార్కు దేశపు పశువైద్యుడు అబిల్‌గార్డ్ కోళ్లపై విద్యుత్తును ప్రయోగించి చూచెను. తలకు తగిలించినపుడు కోడి చచ్చినట్లు పడిపోయెను. రొమ్మునకు తగిలించినపుడు మరల లేచెను. నూరేండ్లు గడచిన పిమ్మట, 1899లో, జెనీవాలో ప్రెవో, బాతెల్లి అనువారు కుక్కలలో దీని మర్మమును కొంత పట్టుకొనిరి. స్వల్పమైన విద్యుత్తు గుండెను వణకించును; అంతకు మించిన విద్యుత్తు ఆ వణకును మాన్పును. వణకు గుండె నిశ్చలముగ నుండదు. కోలాటమున తాళము తప్పినపుడు ఒక్కొక్కరి కోల ఒక్కొక్కప్పుడు మ్రోగినట్లు, కండరపు పోగులన్నియు ఎవరి దారిన అవి ముడుచుకొనును. రక్తము మాత్రము కదలదు.

ఈ విషయమున అమెరికాలో పట్టుదలతో పనిచేసినవాడు వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. తీగలపై పనిచేయు కార్మికుల మరణములు విద్యుత్ కంపెనీలను కలవరపెట్టగా, బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం కౌవెన్‌హోవెన్ ఏండ్ల తరబడి కుక్కలపై పరిశోధనలు సాగించెను. రొమ్ము కోయకుండ విద్యుత్తుతో వణకు మాన్పు యంత్రమే ఆయన ధ్యేయము. ఆనాటికి ఆగిన గుండెను కదిలింపవలెనన్న, రొమ్ము కోసి గుండెను చేత పట్టి పిండుటయే వైద్యులు ఎక్కువగా ఎరిగిన మార్గము.

1958లో ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్ ఒక వింత గమనించెను. యంత్రపు బరువైన పలకలను కుక్క రొమ్ముపై అదిమినపుడు, విద్యుత్తు ఇంకను ప్రవహింపకమునుపే, రక్తపు ఒత్తిడి ఒక్కసారి పైకి లేచెను. చేసినది పలక కాదు, అదుముడు! యంత్రమును వెదకుచు పోయినవారికి యంత్రము అక్కరలేని ఉపాయము దొరకినది. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్ తోడుకాగా వారు దానిని మనుష్యులకు అన్వయించి, 1960 జూలైలో 20 మంది రోగుల వృత్తాంతము ప్రకటించిరి. వారిలో 14 మంది బ్రతికిరి. వీరిలో పలువురు వైద్యుల సమక్షముననే పడినవారు కనుక ఆ లెక్కను వీధిలో పడినవారికి ఆశింపరాదు. తెలిసి ఒప్పుకొను భాగ్యము ఆ కుక్కలకు లేకపోయెను. ఆ మాటయు మరువదగదు.

ఇచ్చట భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును స్మరింపక తప్పదు. ఆయన హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరములందు గుర్తించెను. కండరము పనికి ఖర్చుపెట్టు సొమ్ము ఇదియే. వణకు గుండె ఏ పనియు చేయకయే ఆ సొమ్మును తగులబెట్టుచుండును. ఖజానా వట్టిపోయిన తరువాత విద్యుత్తు తగిలించినను గుండె అంత సులభముగ లేవదు. రొమ్ము నొక్కుట వలన గుండెకు కొంత రక్తము అంది, ఆ దివాలా కొంత ఆలస్యమగును.

పిదప కుక్క స్థానమున పంది వచ్చెను. దాని గుండెయు, గుండెకు రక్తము చేర్చు నాళములును మనవానిని పోలియుండుటయే కారణము. అరిజోనా విశ్వవిద్యాలయపు పరిశోధకులు మత్తు ఇచ్చిన పందులలో ఒక ముఖ్యవిషయము కనుగొనిరి. నొక్కిన కొలది గుండె నాళములలో ఒత్తిడి మెల్లగ పెరుగును. ఊపిరి ఊదుటకై ఆపినంతనే పడిపోవును. చేతిపంపు కొట్టుట ఆపిన నీరు దిగిపోయి, మరల నాలుగు దెబ్బలు వృథాగ కొట్టవలసినట్లే! హఠాత్తుగ పడిన పెద్దవారికి, శిక్షణ లేనివారు ఊపిరి ఊదకున్నను ఆపక నొక్కిన చాలునని 2008లో అమెరికా హృద్రోగ సంఘము చెప్పెను. 2017లో మన దేశమున భారతీయ మత్తువైద్యులు సామాన్యులకై కేవలము నొక్కు పద్ధతిని ప్రకటించిరి. అందు కాకినాడకు చెందిన డాక్టరు ఎస్.ఎస్.సి. చక్రరావు ప్రముఖులు.

కాని అదే పరిశోధకులు పందిపిల్లల ఊపిరి బిగించి చూచినపుడు ఫలితము మారినది. అచ్చట రక్తములోని ప్రాణవాయువు ముందే అడుగంటియుండును. వట్టి నొక్కుడు కంటె, నొక్కుచు ఊపిరి ఊదుటయే మేలయ్యెను. కనుక చెరువుగట్టున పడిన కూలి వేరు, సూర్యలంకలో మునిగిన కుర్రవాడు వేరు. నీట మునిగినవారికి, చిన్నపిల్లలకు, నేర్చినవారు ఊపిరియు ఇయ్యవలెను. ఈ భేదమును బోధించువారు సైతము తరచు దాటవేయుదురు.

పంది చెప్పినదెల్ల మనిషికి చెల్లదు. హెచ్చు మోతాదు అడ్రినలిన్ జంతువులలో ఆశలు రేపెను. 1992లో వెలువడిన మానవ పరీక్షలలో మేలు కనబడలేదు. మామూలు మోతాదును సైతము 8,000 మందికి పైగా రోగులలో పరీక్షించి బ్రిటనులో 2018లో ఫలితములు ప్రకటించిరి: నెలనాటికి బ్రతికియున్నవారు మందు పొందినవారిలో నూటికి 3.2, పొందనివారిలో 2.4. అయితే మెదడు తీవ్రముగ చెడినవారి పాలు, మందు లేక బ్రతికినవారిలో కంటె మందుతో బ్రతికినవారిలో ఎక్కువ. ప్రయోగశాలలోని పంది పడుచుది, ఆరోగ్యవంతమైనది. దాని గుండె ఏ క్షణమున ఆగినదో గడియారము చెప్పును. బజారులో ఒరిగిన వర్తకునికి అరువదేండ్లు, మధుమేహము, పూడిన నాళములు. ఎప్పుడు పడెనో చూచినవారు లేరు.

ఇక చేయవలసినది: కరెంటు తగిలినచో మొదట దానిని ఆపవలెను, లేనిచో రక్షింపబోయినవాడును పడును. 108కి కబురు చేయించి, స్పృహ లేక, సరిగ ఊపిరి తీయకున్నచో రొమ్ము నడుమ అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక, పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కవలెను; ప్రతిసారియు రొమ్మును పూర్తిగ పైకి లేవనీయవలెను. ఒక తరగతి ఒక్క పీరియడులో దీనిని బొమ్మపై అభ్యసింపవచ్చును. రెండు నిమిషములకే ఎంత బలవంతుని చేతులైనను సడలును. అప్పుడు మార్చుకొనుటకై రెండవవాడు ఎదుటి ప్రక్కన మోకాళ్లపై కూర్చుండి, చేతులు చాచి సిద్ధముగ ఉండవలెను.