పక్‌ని వదిలేసి పిల్లాణ్ని చూడండి

2023 జనవరి 2. కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ నగరం. ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ పోటీల్లో క్వార్టర్ ఫైనల్. కెనడా, స్లొవేకియా చెరి మూడు గోల్స్ దగ్గర నిలిచిపోవడంతో ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. ఇక ఎవరు గోల్ కొడితే వాళ్లదే మ్యాచ్. సొంతగడ్డ మీద పరువు పోతుందేమోనని స్టేడియమంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు పక్, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, కానర్ బెడార్డ్ అనే కెనడా కుర్రాడి స్టిక్‌కి చేరింది. వయసు 17. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. అడ్డొచ్చిన డిఫెండర్ల నడుమ సందు చేసుకుంటూ దూసుకుపోయాడు. గోలీని, అంటే గోల్‌కీపర్‌ని, ఒక పక్కకి వాలేలా చేసి, పక్‌ని లోపలికి తోసేశాడు. 4-3.

కెనడా ఆ పోటీల్లో స్వర్ణం గెలిచింది. ఐస్ హాకీలో గోల్ కొట్టినా ఒక పాయింటే, గోల్‌కి పాస్ అందించినా ఒక పాయింటే. బెడార్డ్ 7 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ కొట్టి మరో 14 గోల్స్‌కి పాస్‌లిచ్చాడు. మొత్తం 23 పాయింట్లు. ఒక్క టోర్నీలో అన్ని పాయింట్లు అంతకుముందు కెనడా కుర్రాడెవరూ చేయలేదు.

ఇలాంటి పోటీలకి ఎన్‌హెచ్ఎల్ జట్ల తరఫున ప్రతిభను వెతికే స్కౌట్లు తప్పకుండా వస్తారు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఐస్ హాకీ లీగ్ అది. 32 జట్లు. ఏటా జూన్ నెలాఖరులో ఏడు రౌండ్ల డ్రాఫ్ట్ జరిపి 224 మంది కుర్రాళ్లని పంచుకుంటాయి. ఆ ముందు సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్లకి ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. అంటే ముందుగా ఎంపిక చేసేవాళ్లు సాధారణంగా కష్టాల్లో ఉన్నవాళ్లు. ఎంపికయ్యేవాళ్లలో ఎక్కువమందికి అప్పుడే పద్దెనిమిదేళ్లు నిండి ఉంటాయి, కొందరికి అవీ నిండవు. ఈ పిల్లాడు ఇప్పుడెంత గొప్పగా ఆడుతున్నాడన్నది స్కౌట్‌కి సగం ప్రశ్నే. ఇరవై మూడేళ్లు వచ్చాక, తనకన్నా బలమైనవాళ్ల మధ్య ఎలా ఆడతాడన్నదే అసలు ప్రశ్న. పదిహేడేళ్లకి వచ్చిన ర్యాంకుతో జీవితం తేల్చేసే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది కాబట్టి, ఈ ప్రశ్న మంచు దేశాల వాళ్లదే అనిపించదు నాకు.

బెడార్డ్‌ని అందరికన్నా ముందే గుర్తించారు. పశ్చిమ కెనడాలోని డబ్ల్యూహెచ్ఎల్ జూనియర్ లీగ్‌లో పూర్తి సీజన్ ఆడాలంటే పదహారేళ్లు ఉండాలి. 2020లో ఆ లీగ్ తన చరిత్రలో మొదటిసారి ఆ నియమాన్ని సడలించింది, ఇతని కోసం. 2021లో 18 ఏళ్లలోపు కుర్రాళ్ల ప్రపంచ పోటీలు మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్ పట్టణాలు ఫ్రిస్కో, ప్లేనోల్లో జరిగాయి. పదిహేనేళ్ల బెడార్డ్ అక్కడ 7 మ్యాచ్‌ల్లో 14 పాయింట్లు చేశాడు. 2022-23లో డబ్ల్యూహెచ్ఎల్‌లోని రెజైనా పాట్స్ జట్టుకి ఆడుతూ 57 మ్యాచ్‌ల్లో 71 గోల్స్, 72 పాస్‌లు. 143 పాయింట్లు.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి.

అంతకు ముప్పై ఏళ్ల క్రితం క్విబెక్‌లో అలెగ్జాండర్ డేగ్ల్ అనే కుర్రాడు ఉండేవాడు. 1992-93లో విక్టోరియావిల్ జట్టుకి 53 మ్యాచ్‌ల్లో 137 పాయింట్లు చేశాడు. సగటు లెక్క తీస్తే బెడార్డ్ కన్నా ఒక పిసరు ఎక్కువే. 1993 డ్రాఫ్ట్‌లో ఒటావా అతన్ని మొదటి ఎంపికగా తీసుకుంది. ఐదేళ్లకి 1.225 కోట్ల డాలర్ల ఒప్పందం. ఇంకా ఒక్క మ్యాచ్ ఆడని పిల్లాడికి అంత సొమ్మేమిటని లీగంతా గొడవ లేచింది. 1995లో కొత్తవాళ్ల జీతాలకి పరిమితి వచ్చింది. ఎన్‌హెచ్ఎల్‌లో డేగ్ల్ 616 మ్యాచ్‌లాడి 327 పాయింట్లు చేశాడు. అదే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా వెళ్లిన క్రిస్ ప్రాంగర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు.

డేగ్ల్ పేరు ఎత్తగానే నవ్వడం హాకీ లోకంలో ఆనవాయితీ. నాకది నచ్చదు. ఆ లీగ్‌లో 616 మ్యాచ్‌లు ఆడటం ఎంతమందికి దక్కుతుంది? తప్పు అంకెని చదివినవాళ్లది. తొంభైల మొదట్లో క్విబెక్ జూనియర్ లీగ్‌లో గోల్స్ వరదలా పడేవి. ఆ లీగ్‌లో 137కి, గోల్స్ అంత ధారాళంగా పడని లీగ్‌లో 143కి ఒకే విలువ ఉండదు. ఇప్పటి విశ్లేషకులు ఒక్కో లీగ్ పాయింటుకి ఎన్‌హెచ్ఎల్‌లో ఎంత తూకమో లెక్కగట్టి పోలుస్తారు. అది మంచి పనే. కానీ ఎవరు ముందున్నారో చెప్పే ఆ లెక్క, ఎవరు ఇంకా పెరుగుతారో చెప్పదు. దానికి రింక్‌కి, అంటే ఆ మంచు మైదానానికి, వెళ్లి కూర్చోవాల్సిందే.

కూర్చుని ఏం చూడాలి? క్రికెట్ చూసి పెరిగిన మన కళ్లు బంతి వెంట పరిగెత్తినట్టే ఇక్కడ పక్ వెంట పరిగెడతాయి. స్కౌట్ ముందు మానుకోవాల్సింది అదే. హాకీలో ఒక్కొక్కరు ఒక విడతకి ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వచ్చేస్తారు. దాన్ని షిఫ్ట్ అంటారు. మ్యాచ్ మొత్తంలో ఒక మంచి ఆటగాడు మంచు మీద ఉండేది ఇరవై నిమిషాలు. అందులో పక్ అతని స్టిక్ మీద ఉండేది మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. మిగతా పద్దెనిమిది నిమిషాల్లోనే పిల్లాడు బయటపడతాడు.

ఉదాహరణకి, పక్ మూలకి జారుతోంది, కుర్రాడు దాని కోసం వెళుతున్నాడు అనుకోండి. చేరేలోపు భుజం మీదుగా వెనక్కి చూశాడా? ఒకసారి చూస్తే ఎవరొస్తున్నారో తెలుస్తుంది. రెండోసారి చూస్తే ఎంత వేగంగా వస్తున్నారో తెలుస్తుంది. చూడకుండా వెళ్లినవాణ్ని జూనియర్‌లో అతని చురుకుదనం కాపాడుతుంది. పై లీగ్‌లో తొంభై కిలోల మనిషి వచ్చి రింక్ చుట్టూ ఉండే బోర్డులకేసి అదుముతాడు. ఇంకోటి, పక్ పోగొట్టుకున్న మరుక్షణం. తల పైకెత్తి రిఫరీ వైపు చూశాడా, వెనుదిరిగి పరుగందుకున్నాడా? గోల్ కొట్టినప్పుడు అందరూ ఒకేలా కనిపిస్తారు. పోగొట్టుకున్నప్పుడే ఎవరు ఎవరో తెలుస్తుంది.

పక్ దగ్గరున్నప్పుడు చూడాల్సింది వేరు. ఆ ఎత్తు అవతలివాళ్ల చేతకానితనం వల్ల పారుతోందా, వాళ్లు ఎంత గట్టివాళ్లయినా పారుతుందా అని. బెడార్డ్ షాట్ రెండో రకం. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, దాదాపు 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల. కొట్టే ముందు దాన్ని స్టిక్ కొనతో తన ఒంటి వైపు జానెడు లోపలికి లాక్కుంటాడు. మహిమంతా ఆ జానెడులోనే ఉంది. గోలీ నిలబడ్డ తీరు పక్ పాత చోటుకి సరిపోయేది. కొత్త చోటు నుంచి చూస్తే ఆరడుగుల గోల్‌లో ఒక మూల తెరుచుకుని ఉంటుంది. అడ్డం పెట్టిన డిఫెండర్ స్టిక్‌కి కూడా పక్ అందదు. వెనక్కి ఎత్తి కొట్టడం లేదు. మణికట్టు తిరిగిందో లేదో పక్ వెళ్లిపోయి ఉంటుంది. ప్రపంచంలో ఎంత గొప్ప గోలీ అయినా చోటు మార్చుకోవడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణాన్ని దొంగిలించే షాట్ ఏ లీగ్‌లోనైనా చెల్లుతుంది.

వయసు విషయంలో స్కౌట్లు కూడా తరచూ బోల్తాపడతారు. సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిది నిండేవాళ్లకే ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో చోటు. ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబరు 17న. రెండు రోజుల తేడాతో ఏడాది ఆగాడు. ఎండలు మండే ఆరిజోనాలో పెరిగిన ఆ కుర్రాడు ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్లి పెద్దవాళ్ల మధ్య ఆడి, 2016లో మొదటి ఎంపికగా వచ్చి, తొలి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. ఇక పిల్లల జట్లని పుట్టిన సంవత్సరం బట్టి విడగొడతారు కాబట్టి జనవరి పిల్లాడు డిసెంబరు పిల్లాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద. పెద్దగా ఉన్నవాణ్నే ప్రతిభావంతుడనుకుని ముందుకి తోస్తారు. కెనడా సైకాలజిస్టు రోజర్ బార్న్‌స్లీ ఎనభైల్లో దీన్ని లెక్కలతో చూపించాడు. జూనియర్ మ్యాచ్‌కి వెళ్లినప్పుడు అక్కడ పంచిన కరపత్రంలో ఆటగాళ్ల పుట్టినరోజులు ఎక్కువగా ఏడాది మొదటి నెలల్లోనే ఉన్నాయని ముందు కనిపెట్టింది ఆయన భార్య. బెడార్డ్ పుట్టింది 2005 జూలైలో. 2023 డ్రాఫ్ట్‌లో అతని వెనకే వెళ్లిన లియో కార్ల్‌సన్ ఏడు నెలలు, ఆడమ్ ఫాంటిల్లి తొమ్మిది నెలలు పెద్ద. ఆ వయసులో తొమ్మిది నెలలంటే చాలా.

ఒంటి కొలతల మోజు మరీ ఘోరం. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని పిలిపించి సైకిల్ తొక్కించి, బరువులెత్తించి, కొలిచి రాసుకుంటారు. 2014లో శామ్ బెనెట్ ఆ పరీక్షలో ఒక్క పుల్‌అప్ కూడా తీయలేకపోయాడు. ఊరూవాడా నవ్వారు. అదే బెనెట్ 2025లో ఫ్లోరిడా ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు. 2022లో లేన్ హట్సన్ అనే పొట్టి కుర్రాడు తన ఎముకలింకా ఎదిగే దశలోనే ఉన్నాయని డాక్టరు రాసిన కాగితాన్ని జట్లకి చూపించుకున్నాడు. ఆ పిల్లాడు ఆ కాగితం పట్టుకుని ఒక్కో గదిలోకి వెళ్లడం ఊహించుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఎవరూ తొందరపడలేదు. 62వ స్థానంలో మాంట్రియల్ తీసుకుంది. 2025లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనిదే.

రష్యాలోని యెకాటెరిన్‌బర్గ్ కుర్రాడు పావెల్ దాత్స్యూక్‌ని రెండు డ్రాఫ్టుల్లో ఎవరూ పట్టించుకోలేదు. డెట్రాయిట్ స్కౌట్ హోకాన్ ఆండర్సన్ ఇంకో ఆటగాణ్ని చూద్దామని వెళ్లి, అవతలి జట్టులోని ఈ బక్కపలచటివాణ్ని చూస్తూ ఉండిపోయాడు. 1998లో 171వ ఎంపిక. ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. చూడటానికి వెళ్లినవాణ్ని కాకుండా కనబడ్డవాణ్ని చూడగలగడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద విద్య.

మళ్లీ బెడార్డ్ దగ్గరికి వద్దాం. 2023 జూన్ 28న నాష్‌విల్‌లో షికాగో బ్లాక్‌హాక్స్ అతన్ని మొదటి ఎంపికగా తీసుకున్నప్పుడు అతనికింకా పద్దెనిమిది నిండలేదు. అక్టోబరు 10న తొలి మ్యాచ్, ఎదుట చిన్నప్పటి నుంచీ టీవీలో చూసిన దిగ్గజం సిడ్నీ క్రాస్బీ. జనవరిలో ఒక ఢీకి దవడ ఎముక విరిగింది. అయినా 68 మ్యాచ్‌ల్లో 61 పాయింట్లు, కాల్డర్ ట్రోఫీ. రెండో ఏడు 82 మ్యాచ్‌ల్లో 67. మొత్తం పెరిగింది, మ్యాచ్‌కి సగటు మాత్రం తగ్గింది. ఆట మొదలుపెట్టే ఫేస్‌ఆఫ్‌లలో రెండేళ్లూ నలభై శాతం కూడా గెలవలేదు. తొలి ఏడాది ప్లస్-మైనస్ లెక్కలో 44 లోటు. అంటే, స్థూలంగా, అతను మంచు మీద ఉండగా తన జట్టు కొట్టిన వాటికన్నా తిన్న గోల్స్ 44 ఎక్కువ. ఇంకేముంది, అంచనాలు తలకిందులయ్యాయన్న మాటలు మొదలయ్యాయి.

నా అంచనా వేరు. చెయ్యీ బుర్రా పై లీగ్‌కి వచ్చేశాయి, కాళ్లింకా రావాలి. నిలుచున్న చోటు నుంచి మొదటి మూడు అంగల్లో వేగం అందుకుంటే, జూనియర్‌లో దొరికిన ఆ జానెడు చోటు ఇక్కడా దొరుకుతుంది. ఫేస్‌ఆఫ్ బలంతో పాటు వచ్చే విద్య. లోటు లెక్కలో అతని వాటా ఎంతో, రెండేళ్లూ లీగ్‌లో కింది నుంచి రెండో స్థానంలో నిలిచిన జట్టు వాటా ఎంతో విడదీయకుండా తీర్పు చెప్పడం అన్యాయం.

ఇక్కడ హాలిఫాక్స్‌కే తిరిగి రావాలి. బెడార్డ్ ఆ గోల్ కొట్టిన ఊళ్లోనే నేథన్ మెకినన్ జూనియర్ హాకీ ఆడాడు. 2013లో కొలరాడోకి మొదటి ఎంపిక. తొలి ఏడు 63 పాయింట్లు, కాల్డర్ ట్రోఫీ. తర్వాత వరసగా 38, 52, 53. ఆ 53 చేసిన ఏడాది కొలరాడో లీగ్‌లో అట్టడుగున ఉంది. ఇతని పని ఇంతేలెమ్మని అనుకున్నవాళ్లు చాలామందే. మరుసటి సీజన్‌లో 74 మ్యాచ్‌ల్లో 97. 2022లో స్టాన్లీ కప్, 2024లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ. ఆ మూడేళ్లలో ఎవరైనా అతన్ని కొలిచి పక్కన పెట్టేసి ఉంటే?

ఆ జనవరి 2 రాత్రి అందరూ బెడార్డ్‌ని చుట్టుముట్టి సంబరం చేసుకుంటున్నప్పుడు, గోల్ ముందు ఇంకో కుర్రాడున్నాడు. స్లొవేకియా గోలీ ఆడమ్ గయాన్. వయసు 18. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో 32 జట్లలో ఒక్కటీ అతని పేరు పిలవలేదు. ఆ మ్యాచ్‌లో కెనడా కొట్టిన షాట్లలో యాభైకి పైగా ఆపాడు. ఓడిపోయాడు కాబట్టి టీవీల్లో ఇప్పటికీ తిరిగే ఆ గోల్ వీడియోలో మంచు మీద పడిపోయి కనిపిస్తాడు, అంతే. నాష్‌విల్‌లో బెడార్డ్‌ని తీసుకున్న మరుసటి రోజు, 35వ స్థానంలో షికాగో మళ్లీ వేదికెక్కింది. పిలిచిన పేరు ఆడమ్ గయాన్.