బడి సంచి: మన్నిక, సుఖము, బరువు

సంచి కొనునపుడు తల్లిదండ్రులు మొదట చూచునది మన్నిక. నాలుగేండ్లు రావలెనని దళసరి కాన్వాసు సంచిని తెత్తురు. అట్టిది ఖాళీగా నున్నపుడే కిలో తూగవచ్చును. 2020 నాటి కేంద్రప్రభుత్వ విధానము ననుసరించి బడి సంచి బరువు బిడ్డ శరీరపు బరువులో 10 శాతమును మించరాదు. 20 కిలోల బిడ్డకు మొత్తము 2 కిలోలే. అందు సగము సంచికే పోయినచో పుస్తకముల కేమి మిగులును?

గట్టి నైలాను సంచి తేలిక. ఏ సంచియైనను ముందు చినుగునది పట్టీలు కుట్టిన చోటనే. కావున గుడ్డ మందముకంటె ఆ కుట్టును లాగి చూచుట మేలు. పట్టీలు రెండును వెడల్పుగా, మెత్తగా నుండవలెను. సన్నని పట్టీ భుజమును కోయును. ఒక్క భుజముననే వ్రేలాడవేసికొన్న బిడ్డ ప్రక్కకు ఒరిగి నడచును. బరువైన పుస్తకములు వీపునకు ఆనుకొని యుండునట్లు సర్దవలెను.

బిడ్డ ముందుకు వంగి నడచుచున్నచో సంచిని ఒకసారి తూచి చూడుడు. పచారి దుకాణపు త్రాసైనను చాలును.