అంటకయే ఆపు అయస్కాంతము

మిషిగన్ రాష్ట్రమున చదువుకొనుచున్న తెలుగు పాఠకుడొకడు వ్రాసిన లేఖ నా బల్లమీదికి వచ్చి పదిదినములైనది. చలికాలమున వీథులు మంచుతో నిండుటచే సైకిలు బయటికి తీయ వీలులేదనియు, గదిలోనే సాధన చేయుటకు ట్రైనరొకటి కొనదలచితిననియు, చేతిలో ధనము స్వల్పమగుటచే చౌకగా దొరకు అయస్కాంతపు ట్రైనరు చాలునో చాలదో తెలుపవలసినదనియు ఆతడు కోరినాడు. చివర మరియొక వాక్యము చేర్చినాడు: 'అల్యూమినియమునకు అయస్కాంత మంటదు గదా, మరి చక్రము నెట్లు ఆపును?' మొదటి ప్రశ్నకు నాలుగు మాటలు చాలును. రెండవదానికి మాత్రము ఈ వ్యాసమంతయు సమర్పింపక నా మనస్సు నిలువలేదు.

ట్రైనరనగా వెనుక చక్రమును నేలనుండి లేపి బిగించి పట్టు ఉక్కు చట్రము. టైరు ఒక చిన్న రోలరును ఒరసికొని త్రిప్పును. ఆ రోలరునకు ఏదో యొక నిరోధము కావలయును. గాలిరెక్కలతో నిరోధించునవి ఇల్లంతయు హోరెత్తించును. సిలికోను నూనెలో రెక్కలు త్రిప్పునవి నెమ్మదియైనవే గాని వెల హెచ్చు. అయస్కాంతపు ట్రైనరులో రోలరు ఇరుసున అల్యూమినియపు బిళ్ల యొకటి, దానిని తాకక కొద్ది ఎడముగా అయస్కాంతముల వరుస యొకటి, అంతియే.

ఈ అమరిక మనకు క్రొత్తది కాదు. గోడమీది పాత కరెంటు మీటరులో అద్దము వెనుక మెల్లగా తిరుగు పళ్లెమును చూడని తెలుగు ఇల్లు ఒకప్పుడు ఉండెడిది కాదు. ఆ పళ్లెమును అదుపున నుంచునది దాని అంచున నిలిచిన చిన్న అయస్కాంతమే.

ఈ వింత 1824లో పారిస్‌లో బయటపడెను. పరికర నిర్మాతయైన గాంబే, రాగిరేకు సమీపముననున్న దిక్సూచి ముల్లు వేగముగా ఊగులాట మానుటను గమనించి భౌతికశాస్త్రజ్ఞుడైన అరాగోకు చెప్పగా, అరాగో రాగిబిళ్లను త్రిప్పి చూచెను. ముల్లు దాని వెంట తానును తిరుగసాగెను. 1825లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకమిచ్చినది గాని, కారణము మాత్రము ఎవరికిని అందలేదు. గణనయంత్రముల కలలు కన్న బాబేజీయును, జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన జాన్ హెర్షెలును అదే సంవత్సరమున ప్రయోగమును తలక్రిందులు చేసి, అయస్కాంతమునే త్రిప్పి, బిళ్లను వెంట నడిపించిరి. బిళ్లలో కేంద్రమునుండి అంచువరకు చీలికలు కోయగా ప్రభావము క్షీణించెను. ఆ చీలికలను మరియొక లోహముతో పూడ్పగా తిరిగి చాలవరకు వచ్చెను. అయినను వారు, రాగి కొంత ఆలస్యముగా అయస్కాంతత్వము పొందుననియు, ఆ ఆలస్యమే లాగుడునకు కారణమనియు తలచిరి. చీలికచే ఆగిపోవునది బిళ్లలో ప్రవహించుచున్న దేదో యైయుండవలయునను మాట వారి చేతిలోని బిళ్లయే చెప్పుచుండగా వారికి వినబడకపోవుట నన్నెప్పుడు తలచినను కలచివేయును.

ఆ మాటను విన్నవాడు ఫారడే. 1831లో ఆయన విద్యుత్ ప్రేరణమును కనుగొని, కదలుచున్న లోహములో విద్యుత్ప్రవాహములు పుట్టునని చూపెను. బిళ్లలో అయస్కాంతము క్రిందికి వచ్చుచున్న భాగమున ఒక సుడియు, దానిని దాటిపోవుచున్న భాగమున వ్యతిరేకదిశలో మరియొక సుడియు ఏర్పడును. మొదటి సుడి తానే చిన్న అయస్కాంతమై రాకను త్రోసిపుచ్చును. రెండవది పోకను వెనుకకు లాగును. 1834లో భౌతికశాస్త్రజ్ఞుడైన లెంజ్ సూత్రీకరించినట్లు, రెండును చలనమునకు ప్రతికూలములే. కనుక అల్యూమినియమునకు అయస్కాంత మంటనక్కరలేదు. విద్యుత్తు పారుటకు దారియున్న చాలును. ఆ శ్రమ యంతయు వేడిమిగా మారుననుటను 1855లో భౌతికశాస్త్రజ్ఞుడైన ఫూకో చూపెను. గంటసేపు 150 వాట్ల బలముతో త్రొక్కినవాడు 540 కిలోజౌళ్లను, అనగా సుమారు ఒకటిన్నర లీటరు నీటిని గది ఉష్ణమునుండి మరిగింపగల వేడిమిని, ఆ బిళ్లకును టైరునకును సమర్పించినట్లే.

ఆ వేడిమి ఒక చిక్కు తెచ్చును. అల్యూమినియపు నిరోధకత డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతము పెరుగును. బిళ్ల 50 డిగ్రీలు వేడెక్కినచో సుడులు ఇంచుమించు ఆరవవంతు మేర సన్నగిల్లి, త్రొక్కుడు తేలికయగును. తన బలమే పెరిగినదని సాధకుడు భ్రమపడరాదు. పది నిమిషములు త్రొక్కి బిళ్ల కాగిన తరువాతనే లెక్కలు ప్రారంభింపవలయును.

ఈ ట్రైనరు వీథిని అనుకరింపదని కొందరు నిందింతురు. వేగము రెట్టింపైనచో వీథిలో గాలిని జయించుటకు ఎనిమిదింతల శక్తి కావలయుననియు, ఇచ్చట నాలుగింతలే చాలుననియు వారి ఆక్షేపణ. లెక్క నిజమే, మితిమీరిన వేగమున సుడుల స్వక్షేత్రమే అడ్డుపడి నిరోధము తగ్గుటయు నిజమే. అయినను ట్రైనరు మీట నొకింత జరిపి అయస్కాంతములను దగ్గరచేసినచో గాని, గేరు మార్చినచో గాని తీరు కొరతకు రెట్టింపు ధనము వెచ్చించుట నాకు సమ్మతము కాదు. ఆ మిగిలిన ధనముతో పంకా యొకటి కొనవలయును. బయట మంచు కురియుచున్నను గదిలో గాలి కదలనిచో చెమట ఆరదు.

కొనుటకు ముందు దుకాణములోనే మీటను మిక్కిలి బరువున నుంచి, రోలరును చేతితో మెల్లగా త్రిప్పిచూడుము: అడ్డేమియు లేనట్లే జరుగును. తరువాత విసురుగా త్రిప్పుము: తీగపాకములో గరిటె త్రిప్పినట్లు, తాకువారెవ్వరును లేకుండగనే నీ చేతిని పట్టుకొనును.