తొలి తెర మీద ఏముండాలి?

పియానో పాఠం రాసుకోవాలన్నా, చర్చి కోయిర్‌కు నాలుగు గొంతుల పాట కట్టాలన్నా, సినిమా రికార్డింగుకు వయొలిన్ల పార్టులు విడదీసి ఇవ్వాలన్నా ఇప్పుడు చాలామంది కాగితం బదులు కంప్యూటరే ముందేసుకుంటున్నారు. ఐదు గీతల స్టాఫ్ మీద స్వరాలు పేర్చి, పేజీ సర్ది, రాసింది వినిపించే సాఫ్ట్‌వేర్లు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. సిబేలియస్, డోరికో ప్రధానంగా డబ్బు పెట్టి కొనుక్కునేవి, మ్యూజ్‌స్కోర్ ఉచితం. ఏది తెరిచినా మొదట కంటికి తగిలేది సంగీతం కన్నా సామానే. క్లెఫ్‌లు, కీ సిగ్నేచర్లు, తాళం గుర్తులు, స్లర్లు, ట్రిల్లులు, రిపీట్ గీతలు అన్నీ బారులు తీరి ఉంటాయి. పాశ్చాత్య స్వరలిపిలో గుర్తులు వేలల్లో ఉన్నాయి, ల్యాప్‌టాప్ తెర చూస్తే జానెడు. అందులో ఏవి ఎప్పుడూ కళ్లెదుట ఉండాలి, ఏవి ఒక్క క్లిక్కులో దొరకాలి, ఏవి మెనూల అడుగున ఉన్నా ఫరవాలేదు అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. అలా తేల్చి పేర్చిన అమరికనే వర్క్‌స్పేస్ అంటారు. ఇన్‌స్టాల్ చేయగానే వచ్చేది డిఫాల్ట్ వర్క్‌స్పేస్. దాన్ని వాడేవాళ్లు తమకు తోచినట్టు మార్చుకుని, ఒక పేరు పెట్టి దాచుకునే వీలు కూడా ఈ సాఫ్ట్‌వేర్లలో కొన్నింటిలో ఉంది.

ఆ వీలు ఉంది కదా అని డిఫాల్ట్ గురించి పెద్దగా పట్టించుకోనివాళ్లు డిజైనర్లలోనూ కనిపిస్తారు. నచ్చకపోతే మార్చుకుంటారు, ఇందులో గొడవేముంది అంటారు. మనుషులు నిజంగా మార్చుకుంటారా అని చూసిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీలో ప్రాజెక్ట్ అథీనా అనే కంప్యూటర్ వ్యవస్థను వాడే 51 మందిని గమనించి, వెండీ మెకే అనే పరిశోధకురాలు 1991లో ఫలితాలు ప్రచురించారు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లు కూడా సెట్టింగులు మార్చుకోవడానికి తీరిక లేదనే అన్నారు. తీరా మార్చుకున్నప్పుడు, చాలాసార్లు అది కొత్త వెర్షన్‌ను తమకు అలవాటైన పాత దారికి తిప్పుకోవడానికే. పక్కవాళ్లు తయారు చేసుకున్న సెట్టింగుల ఫైలును కాపీ చేసుకుని పని కానిచ్చేసినవాళ్లూ ఉన్నారు. కంప్యూటర్ మనుషుల తీరే ఇలా ఉంటే, శనివారం సాయంత్రానికి కోయిర్ చేతిలో పేజీలు పెట్టాల్సిన మాస్టారు ప్రిఫరెన్సెస్ మెనూలో గంట గడుపుతారని ఎలా అనుకుంటాం? ఎక్కువమంది విషయంలో డిఫాల్టే తుది అమరిక. కాబట్టి మార్చుకునే సౌకర్యం ఎంత గొప్పగా ఉన్నా, అది డిఫాల్ట్‌లోని లోపానికి జవాబు కాలేదు.

అయితే మంచి డిఫాల్ట్ ఎలా ఉండాలి? చాలాకాలం వినిపించిన జవాబు, వాడేవాళ్లను రెండు రకాలుగా విడగొట్టడం. మ్యూజ్‌స్కోర్ 2, 3 వెర్షన్లలో బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు వర్క్‌స్పేస్‌లు వచ్చేవి. బేసిక్‌లో గుర్తులను గుంపులుగా చూపే పాలెట్లు తక్కువ, వాటిలో గుర్తులూ తక్కువ. అడ్వాన్స్‌డ్‌లో రెండూ ఎక్కువ. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఈ విభజన మొదటి అడుగులోనే తప్పిందని నా అభిప్రాయం. నిన్ననే సాఫ్ట్‌వేర్ దించుకున్న గిటార్ టీచర్‌కు మొదటి పాఠంలోనే ఏ తీగ మీద ఎక్కడ వేలు పెట్టాలో చూపే పటాలు కావాలి. ఇరవై ఏళ్లుగా కోయిర్‌కు రాస్తున్న మనిషికి వాటితో జీవితంలో పని పడకపోవచ్చు. ఒక గుర్తు సులువైనదా కష్టమైనదా అన్నది ఆ గుర్తుకు అంటుకుని పుట్టిన గుణం కాదు, ఎవరు ఏం రాస్తున్నారన్న దాన్ని బట్టి వచ్చేది. కిరాణా కొట్లో చేతికందే వరసలో ఏ సరుకు ఉండాలో ఆ వీధిలో ఏది అమ్ముడవుతుందన్నదే తేలుస్తుంది. కొనేవాడు ఎన్నేళ్లుగా వస్తున్నాడని ఎవరూ అడగరు. 2022 డిసెంబరులో వచ్చిన మ్యూజ్‌స్కోర్ 4లో ఈ రెండు ముక్కల పద్ధతి లేదు. ఒకటే డిఫాల్ట్, పాలెట్లలో వెతుక్కునే పెట్టె, కావాల్సిన పాలెట్లు చేర్చుకునే బటన్, సొంత వర్క్‌స్పేస్‌లు చేసుకునే వీలు ఉన్నాయి. 

మన సంగీతాన్ని ఈ తెర మీదకు తెచ్చి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఒక కృతిని వయొలిన్ బృందం కోసం స్టాఫ్ నొటేషన్‌లోకి మార్చాలనుకుందాం. మ్యూజ్‌స్కోర్‌లో కొత్త స్కోర్ తెరవగానే 4/4 తాళం, సి మేజర్, 32 బార్లు సిద్ధంగా ఉంటాయి. ఆది తాళానికి ఎలాగో సర్దుకోవచ్చు. మిశ్రచాపుకు 7/8, ఖండచాపుకు 5/8 కావాలి. సాహిత్యం విషయంలో ఇబ్బంది లేదు: కంట్రోల్‌తో ఎల్ నొక్కి తెలుగు అక్షరం టైపు చేసి స్పేస్ కొడితే కర్సర్ తర్వాతి స్వరం కిందికి గెంతుతుంది. చిక్కంతా గమకాలతోనే. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో సుబ్బరామ దీక్షితులు ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి స్వరాల మీద వేయించారు. ఆ గుర్తులు ఈ డిఫాల్ట్ పాలెట్లలో ఉండవు. జారుకు గ్లిసాండో గీతను, కంపితానికి ట్రిల్ అలల గీతను అరువు తెచ్చుకోవాలి. అవి రెండూ ఉండేది వేర్వేరు పాలెట్లలో. ఒక్క పల్లవి పూర్తయ్యేసరికి మౌస్ తెర ఆ చివరికీ ఈ చివరికీ ఎన్నిసార్లు తిరుగుతుందో ఊహించుకోవచ్చు. అదే సొంత పాలెట్ ఒకటి తెరిచి, స్కోర్‌లోని గుర్తును కంట్రోల్, షిఫ్ట్ నొక్కి పట్టుకుని అందులోకి లాగి వేస్తే తర్వాత అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఈ మనిషి బేసిక్కా, అడ్వాన్స్‌డా? సాఫ్ట్‌వేర్‌కు కొత్తవాడు కావచ్చు, సంగీతంలో ఉద్దండుడు కావచ్చు. ఆ రెండు పెట్టెల్లో ఏదీ ఆయనది కాదు.

మనిషి స్థాయిని వదిలేసి పనిని పట్టుకుని తెరను విభజించిన సాఫ్ట్‌వేర్ డోరికో. 2012లో సిబేలియస్ యజమాని అవిడ్ దాని లండన్ ఆఫీసు మూసేసినప్పుడు ఆ బృందాన్ని స్టైన్‌బర్గ్ సంస్థ చేరదీసింది. వాళ్లే మొదటి నుంచి కట్టి 2016 అక్టోబరులో విడుదల చేసినది ఇది. అందులో సెటప్, రైట్, ఎన్‌గ్రేవ్, ప్లే, ప్రింట్ అని ఐదు దశలు. వాయిద్యాలను ఎంచుకోవడం ఒకచోట, స్వరాలు రాయడం మరోచోట, పేజీ మీద గుర్తులను మిల్లీమీటర్ లెక్కన జరపడం ఇంకోచోట. ఏ దశలో ఉంటే ఆ పనిముట్లే కనబడతాయి. దీని మీదా ఫిర్యాదులున్నాయి. రాస్తూ రాస్తూ ఒక డైనమిక్ గుర్తు పక్క గీతకు తగులుతోందని కాస్త కిందికి జరపాలంటే, దశ మారి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలా అన్నది ప్రధానమైనది. ఫిర్యాదులో న్యాయం ఉంది. ఆలోచన పారుతున్నప్పుడు గది మారడం ఎవరికైనా చిరాకే, కంట్రోల్‌తో 2, 3 అంకెలు నొక్కి మారిపోవచ్చన్నది సగం ఓదార్పే. అయినా ఈ విభజనలో ఒక నిజాయితీ ఉంది. రాసేటప్పుడు ఒక గుర్తును కదిపితే అది సంగీతంలో స్థానం మారడం, ఎన్‌గ్రేవ్‌లో కదిపితే కాగితం మీద మాత్రమే స్థానం మారడం. రెండూ వేర్వేరు పనులన్న సంగతిని తెరే చెబుతుంది. వాడేవాళ్లకు నువ్వు కొత్తవాడివనో పాతవాడివనో ముద్ర వేయదు.

కొత్తవాళ్లకు తక్కువ చూపిస్తే త్వరగా నేర్చుకుంటారని రుజువైంది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, 1984లో ఐబీఎంలో జాన్ కారల్, కరొలైన్ కారిథర్స్ ఒక వర్డ్ ప్రాసెసర్ మీద చేసిన ప్రయోగాన్ని ఈ మాటకు ఆధారంగా తరచూ చూపిస్తారు. కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకుపోయే అంశాలను పనిచేయకుండా ఆపి ఇస్తే, వాళ్లు తొందరగా పని పూర్తి చేశారు, మెరుగ్గా అర్థం చేసుకున్నారు. కానీ ఆ ప్రయోగంలో ఆ అంశాలను తెర మీద నుంచి తీసేయలేదు. మెనూలో వాటి పేర్లు అలాగే ఉన్నాయి; నొక్కితే ఇది ఇప్పుడు అందుబాటులో లేదనే సందేశం వచ్చేది. అంటే అక్కడ మూసింది తప్పటడుగు పడే దారిని, కనబడే పటాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచారు. బేసిక్ వర్క్‌స్పేస్ చేసేది దీనికి తలకిందుల పని. గుర్తే కనబడకపోతే కొత్తవాడు సాఫ్ట్‌వేర్‌లో అది లేదనుకుంటాడు. పుస్తకంలో చూసిన గుర్తు తెర మీద లేనప్పుడు తప్పు తనదనుకునేవాళ్లే ఎక్కువ.

మనిషి చేతికి పని పెట్టకుండా సాఫ్ట్‌వేరే గమనించి అమర్చుకోకూడదా అన్న ఆలోచన ఈ రోజుల్లో మరీ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అదీ కొత్తది కాదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో మెనూలు మనం వాడనివాటిని వాటంతటవే దాచేసేవి. నిన్న ఉన్నచోట ఇవాళ వస్తువు లేకపోతే చెయ్యి తడుముకుంటుంది. 2007లో మెనూల బదులు రిబ్బన్ అనే బటన్ల పట్టీ వచ్చాక వర్డ్‌లో ఆ పద్ధతి పోయింది. 2004లో లియా ఫిండ్లేటర్, జోఆనా మెక్‌గ్రెనిర్ మూడు రకాల మెనూలను పోల్చి చూస్తే, తనంతట తాను మారే మెనూ కన్నా స్థిరంగా ఉండే మెనూతోనే జనం వేగంగా పనిచేశారు. ఎక్కువమంది ఇష్టపడింది తాము స్వయంగా మార్చుకోగలిగిన మెనూను. సంగీతం రాసేవాళ్లకు ఈ స్థిరత్వం మరీ అవసరం, ఎందుకంటే వాళ్లు కళ్లు స్కోర్ మీద ఉంచి వేళ్లతో పని చేస్తారు. క్వార్టర్ నోట్‌కు మ్యూజ్‌స్కోర్‌లో 5 నొక్కాలి, సిబేలియస్ కీప్యాడ్‌లో 4, డోరికోలో 6. ఒకదాంట్లో ఏళ్లు గడిపి మరోదానికి మారినవాళ్ల స్కోర్‌లో ప్రతి స్వరమూ రెట్టింపో సగమో, నాలుగింతలో పావో అయి పడుతుంది. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్, 1988 నుంచి ఉన్న ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నామని 2024 ఆగస్టులో దాని తయారీ సంస్థ మేక్‌మ్యూజిక్ ప్రకటించినప్పుడు దాన్ని నమ్ముకున్నవాళ్లు పోగొట్టుకున్నవాటిలో ఈ వేళ్ల అలవాటూ ఒకటి.

అందుకే డిఫాల్ట్‌ను మార్చాల్సి వచ్చినప్పుడు ఎలా మారుస్తారన్నది మొదట ఎలా పెట్టారన్నంత ముఖ్యం. 2011లో సిబేలియస్ 7 పాత మెనూలను తీసేసి ఆఫీస్ తరహా రిబ్బన్ పెట్టినప్పుడు పాత వాడుకరులు గగ్గోలు పెట్టారు. 2021 మొదట్లో మ్యూజ్‌స్కోర్ 3.6 తన స్వరాల ఫాంటును లీలండ్ అనే కొత్తదానికి మార్చింది, కానీ పాత స్కోర్ తెరిస్తే ఒక పెట్టె వచ్చి కొత్త రూపం కావాలా, ఉన్నదే ఉంచాలా అని అడిగేది. మర్యాద అంటే అదీ. తెర అమరిక విషయంలోనూ ఈ పద్ధతినే పాటించవచ్చు: కొత్తగా వచ్చేవాళ్లకు కొత్త డిఫాల్ట్, పాతవాళ్లకు పాతదే ఒక పేరుతో భద్రంగా.

తరగతి గదిలో పాఠం చెప్పేవాళ్ల అభ్యంతరం ఒకటి మిగులుతుంది. పైన ఎడమవైపు బటన్ నొక్కండి అని మాస్టారు అంటే, తెర మార్చుకున్న పిల్లల దగ్గర అక్కడ ఆ బటనే ఉండదు. తలా ఒక అమరిక పెట్టుకుంటే పాఠం సాగదు. నిజమే, కానీ దీనికి మందు మార్పులను నిషేధించడం కాదు. ఒక్క నొక్కుతో మొదటి స్థితికి తెచ్చే బటన్, మాస్టారు చేసుకున్న అమరికను ఫైలుగా పిల్లలందరికీ పంచే దారి ఉంటే చాలు. పక్కవాళ్ల సెట్టింగులు తెచ్చుకోవడం జనానికి సహజమేనని అథీనా గమనింపే చెప్పింది.

ఇక రాసే పనిని బట్టి తెర అమరాలంటే సాఫ్ట్‌వేర్‌కు ఆ పనేమిటో ఎలా తెలుస్తుంది? చెప్పాలంటే ఇప్పటికే తెలుసు. మ్యూజ్‌స్కోర్‌లో కొత్త స్కోర్ మొదలుపెట్టేటప్పుడు కోయిర్, జాజ్, ఆర్కెస్ట్రా, సోలో అని టెంప్లేట్లు చూపించి ఏది కావాలో అడుగుతుంది. ఆ జవాబుతో స్టాఫ్‌లు ఎన్నో, క్లెఫ్ ఏదో నిర్ణయించి, పాలెట్లను మాత్రం అందరికీ ఒకేలా వదిలేస్తుంది. టెంప్లేట్‌తోపాటే దానికి తగిన పాలెట్లూ తెరుచుకుంటే కోయిర్ మాస్టారికి ఊపిరి గుర్తు, సాహిత్యం ముందుకొస్తాయి. గిటార్ టీచర్‌కు తీగల పటాలు వస్తాయి. కర్ణాటక టెంప్లేట్ ఎవరైనా చేసి పెడితే చాపు తాళాలు, జారు, కంపితం దానితోనే వస్తాయి. ఒక్కటే షరతు. ఫైలు మూసి మరో ఫైలు తెరిచినప్పుడు పాలెట్ల లోపలి సరుకు మారవచ్చు గానీ, పాలెట్ల వరసా టూల్‌బార్ చోటూ కదలకూడదు.