సాక్షికో కుర్చీ!

2009 జూన్ 10. ముంబయి ఆర్థర్ రోడ్ జైలు ఆవరణలోని ప్రత్యేక కోర్టు. చంకకర్రల సాయంతో ఓ పదేళ్ల పాప లోపలికి వచ్చింది. స్టేషన్లో కాల్పులు జరిపిందెవరో చూపించమన్నారు. పాప తడబడలేదు. వేలెత్తి చూపింది, అజ్మల్ కసబ్‌ని!

ఆ పాప పేరు దేవికా రోటావన్. 2008 నవంబరు 26 రాత్రి నాన్నతో, సోదరుడితో కలిసి పుణె వెళ్లడానికి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌కి వచ్చింది. రైలెక్కక ముందే తూటా కుడికాలిని చీల్చింది. తర్వాత ఎన్ని ఆపరేషన్లో! ఆ కేసులో ఆరువందల మందికి పైగా సాక్షులు చెప్పారు. వాళ్లందరిలోకీ చిన్నది దేవికే. 2010లో కసబ్‌కి మరణశిక్ష పడింది, 2012 నవంబరు 21న ఉరి అమలైంది.

పేపర్లు ఫొటోలు వేశాయి. సభలకు పిలిచారు, సన్మానాలు చేశారు. కథ సుఖాంతమే కదా అనుకుంటున్నారా? ఇంటి సంగతి వేరు. ఈ పిల్ల ఉంటే ఉగ్రవాదులు తమ మీద పడతారేమోనని బళ్లో చేర్చుకోవడానికి వెనకాడారు. చేరాక తోటిపిల్లలు ‘కసబ్ కూతురు’ అంటూ ఏడిపించారు. అదే భయంతో చుట్టాలు దూరం జరిగారు. తండ్రి డ్రైఫ్రూట్స్ వ్యాపారం దెబ్బతింది. ఇస్తామన్న ఇంటి కోసం 2020లో ఆ అమ్మాయే బొంబాయి హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. ఉగ్రవాదికి ఎదురుగా నిలబడటానికి ఒక్కరోజు చాలింది. ఇంటి కోసం తిరగడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

దేశమంతా తెలిసిన సాక్షి పరిస్థితే ఇదైతే, చిన్న ఊళ్లో దొంగతనం కేసులో సమన్లు అందుకున్నవాడి మాటేమిటి? ఆ రోజు కూలీ పోతుంది. వరండాలో ఓ మూల నిలబడాలి. సాయంత్రానికి ‘వాయిదా పడింది, వెళ్లి రా’ అంటారు. అడిగితే బత్తా కింద ప్రయాణ ఖర్చులొస్తాయి, అదీ అడగాలని తెలిసినవాళ్లకు. ఇదేదో మనం కడుపుమంటతో అంటున్న మాట కాదు. కూర్చోవడానికి చోటూ తాగడానికి మంచినీళ్లూ లేక సాక్షులు పడే అవస్థని సుప్రీంకోర్టే 2000లో స్వరణ్‌సింగ్ కేసు తీర్పులో ఎత్తి చూపింది.

ఇంత పడ్డాక సాక్షి అడ్డం తిరిగాడంటే తప్పంతా అతనిదేనా? 1999 నాటి జెస్సికా లాల్ హత్యకేసు గుర్తుంది కదా. సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. 2006 ఫిబ్రవరిలో నిందితులందరూ విడుదలయ్యారు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మనూశర్మని దోషిగా తేల్చింది. చివరిదాకా మాట మార్చని బీనా రమణి లాంటి కొద్దిమంది సాక్ష్యమే అందుకు ఆధారమైంది. మాట మార్చినవాళ్ల పేర్లు చాలామందికి గుర్తున్నాయి. నిలబడినవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు?

భయపడే సాక్షికి ఇప్పుడు ఓ దారి ఉంది. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటా అమల్లోకి తెచ్చింది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముప్పు ఎంతుందో పోలీసులు నివేదిక ఇస్తారు. దాన్నిబట్టి ఇంటిదగ్గర సీసీ కెమెరాలు, కోర్టుదాకా పోలీసు తోడు, మరీ అవసరమైతే వేరే ఊళ్లో బస, కొత్త పేరు కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కో ఉత్తర్వు మూడునెలలకు మించి ఉండదు, ఆ తర్వాత పొడిగించుకోవాలి. కేసేమో ఏళ్ల తరబడి సాగుతుంది! 2024 జులైలో వచ్చిన కొత్త చట్టం, ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకాన్ని ప్రకటించాలంటోంది.

మరి గుర్తింపు సంగతి? రోడ్డు ప్రమాద బాధితుణ్ని ఆసుపత్రికి చేర్చినవారికి 2021 నుంచి కేంద్రం నగదు బహుమతి ఇస్తోంది. సాక్ష్యం చెప్పమని అతణ్ని బలవంతపెట్టకూడదని కూడా చట్టంలో రాసుకున్నాం. మంచిదే. కానీ అందులో మరో మాట దాగుంది చూశారా... సాక్ష్యం చెప్పడమంటే ఎంత పెద్ద శిక్షో ప్రభుత్వానికీ తెలుసన్నమాట! ప్రాణం కాపాడినవాడికి బహుమతి ఉన్నప్పుడు, హంతకుణ్ని గుర్తుపట్టినవాడికి కనీసం జిల్లా జడ్జి సంతకంతో ఓ కృతజ్ఞతాలేఖ ఇవ్వలేమా? అది కూడా కేసు పూర్తయ్యాక, అతను ఒప్పుకుంటేనే. తీర్పు రాకముందు చేసే సన్మానం ప్రాణం మీదికి తేవచ్చు, డిఫెన్సు లాయరుకి అస్త్రమూ కావచ్చు. ఈలోగా వరండాలో ఓ కుర్చీ, కుండలో చల్లటి నీళ్లు, వచ్చిన రోజే వాంగ్మూలం... వీటికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

అన్నట్టు, దేవిక పెద్దయ్యాక ఏమవుతానందో తెలుసా? ఐపీఎస్ ఆఫీసర్. అంటే, మళ్లీ కోర్టు మెట్లెక్కడానికి ఆ అమ్మాయి సిద్ధమే!