జట్టు యజమానిని లీగు వెలివేయవచ్చునా?

ఒక జట్టును ధనమిచ్చి పోషించు యజమాని, మనుష్యులను వారి జాతినిబట్టియు శరీరవర్ణమునుబట్టియు హీనముగా చూచినయెడల, తక్కిన జట్లవారు కూడి అతనిని తొలగింపవచ్చునా? జట్టు అతని సొత్తు గదా. సొత్తును బలవంతముగా విడిపించుట న్యాయమా? మా పై తరగతుల విద్యార్థులు క్రీడాస్థలమున ఇట్టి ప్రశ్నలు వేయుట కలదు. తొలగింపవచ్చుననియే మా యుత్తరము. అయితే ఎట్లు తొలగింపవలెనో తెలిసికొనుట, తొలగింపవచ్చునా యని తెలిసికొనుటకంటె ముఖ్యము.

మొదట లీగనగా నేమో తెలిసికొందము. పొలమును కొన్నవాడు దానిని తానొక్కడే దున్నుకొనవచ్చును. జట్టును కొన్నవాడట్లు చేయజాలడు. ఎదుట నాడుటకు వేఱొక జట్టు లేనిచో తన జట్టు విలువ గవ్వయైనను కాదు. మన తీరమున పెద్దవలను గట్టునకు లాగునప్పుడు రెండు త్రాళ్లయొద్దను జనులు నిలిచి యొక్కమారుగా లాగవలెను గదా, లీగును అట్టిదే. కావున యజమాని కొనునది ముఖ్యముగా ఒక సంఘమున సభ్యత్వము. చేరునాడే ఆ సంఘపు నిబంధనల క్రింద అతడు చేవ్రాలు చేయును. తొలగించు అధికారము ఆ చేవ్రాలునుండి పుట్టినదే గాని, తక్కినవారి కోపమునుండి పుట్టినది కాదు.

ఇందుకు ప్రసిద్ధమైన దృష్టాంతము అమెరికాలో జరిగెను. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ అను బాస్కెట్‌బాల్ జట్టును డొనాల్డ్ స్టెర్లింగ్ 1981లో సుమారు 125 లక్షల డాలర్లకు కొనెను. 2014 ఏప్రిల్ నెలలో, అతడు ఏకాంతమున తన స్నేహితురాలితో పలికిన మాటల ధ్వనిముద్రణము లోకమునకు వెల్లడియయ్యెను. నల్లజాతివారిని తన ఆటలకు తోడ్కొని రావలదని అతడందు చెప్పెను. అతని జట్టులో హెచ్చుమంది నల్లజాతివారే! కొలది దినములలో జరిగిన యాటకు ముందు ఆ యువకులు తమ అభ్యాసపు చొక్కాలను తిరుగవేసి తొడిగి, జట్టు పేరు కనబడకుండ జేసిరి. ప్రకటనలకై ధనమిచ్చు వర్తక సంఘములు పలువు వెనుకకు తగ్గెను.

ఏప్రిల్ 29వ తేదీని లీగు కమీషనరు ఆడమ్ సిల్వర్ అతనికి 25 లక్షల డాలర్ల జుల్మానాయు, జీవితాంతము నిషేధమును విధించెను. అంతవరకు కమీషనరునకు అధికారము కలదు. జట్టును విడిపించుటకు మాత్రము లేదు. దానికి 30 జట్ల యజమానులలో నాల్గింట మూడు వంతులు, అనగా 23 ఓట్లు కావలెను. మఱియు ఆ నిబంధనలలో జూదము, బాకీ చెల్లింపమి మున్నగు తప్పులు చెప్పబడినవి గాని, జాతిద్వేషమును పేరెత్తి చెప్పిన నియమము లేకుండెను. అందువలన లీగు, సంఘమునకును తక్కిన సభ్యులకును హాని కలిగించెనను నేరము నాధారము చేసికొని, జూన్ 3న విచారణయు ఓటును జరుపుటకు నిర్ణయించెను.

ఆ దినము రాకమునుపే స్టెర్లింగ్ భార్య జట్టును స్టీవ్ బాల్మర్ అను ధనికునకు 200 కోట్ల డాలర్లకు అమ్మ నొప్పుకొనెను. స్టెర్లింగ్ అడ్డుపడెను. కాలిఫోర్నియా న్యాయస్థానము జూలైలో భార్యకు అనుకూలముగా తీర్పు చెప్పగా, ఆగష్టు 12న అమ్మకము ముగిసెను. కావున ఆ ఓటు ఎన్నడును జరుగలేదు. అది రానున్నదను భయమే పని నెరవేర్చెను. సొత్తు అపహరింపబడినదనుటయు సరికాదు. 125 లక్షలకు కొన్నదానికి 200 కోట్లు వచ్చెను. లీగు తీసికొనదలచినది సహవాసమునే గాని ధనమును గాదు.

ఈ కథలో మఱియొక పాఠము కలదు. స్టెర్లింగ్ తన యిండ్లను అద్దెకిచ్చుటలో నల్లజాతివారిని తదితరులను వేఱుచేసెనని ప్రభుత్వము వ్యాజ్యము తేగా, 2009లో అతడు 27 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడెను. అప్పుడు లీగు అతనిని శిక్షింపలేదు. బీదల కొంపల విషయమున కదలని సంఘము, లోకమంతయు విన్న మాటలకు కదలెను. న్యాయము తన ఆదాయమునకు ముప్పు వచ్చినప్పుడు మాత్రమే మేల్కొనుట మెచ్చదగినది కాదు.

ఇక మన దేశము సంగతి. 2009లో ఇండియన్ ప్రీమియర్ లీగున విజేతయైన హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్‌ను క్రికెట్ మండలి 2012 సెప్టెంబరులో తొలగించెను. కారణము ధనవ్యవహారములే గాని జాతిద్వేషము కాదు. అయినను ఆ కథ మనకు పనికివచ్చును. గడువు నిండకమునుపే తొలగించుట అక్రమమని మధ్యవర్తి తలచి, మండలి 4,814 కోట్ల రూపాయలకు పైగా చెల్లింపవలెనని 2020లో తీర్పిచ్చెను. బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2021లో ఆ తీర్పును కొట్టివేసెను. వెలివేయువాడు క్రమము తప్పెనను మాట వచ్చినచో, తగవు ఎన్నియేండ్లు సాగునో చూడుడు. ఆ లీగు ఒడంబడికలో, యజమాని నడత సంఘము పేరునకు గొప్ప హాని కలిగించినచో సంబంధము తెంచుకొనవచ్చునను షరతును కలదు. పందెముల విషయమున 2015లో చెన్నై, రాజస్థాన్ జట్లు రెండేండ్లు నిలిపివేయబడెను. ఆ యేడే సుప్రీముకోర్టు, క్రికెట్ మండలి ప్రజాకార్యమును నిర్వహించుచున్నది గనుక దాని చర్యలను ఉన్నత న్యాయస్థానములు విచారింపవచ్చునని స్థిరపఱచెను. క్రీడాసంఘము తన యింట తానే రాజు కాదన్నమాట.

వర్ణమును గూర్చిన మాటయు మన తెలుగు జట్టుననే వినబడెను. డెక్కన్ ఛార్జర్స్‌కు బదులుగా ఏర్పడిన సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టున నాడిన వెస్టిండీస్ నాయకుడు డారెన్ సామీ, తన్ను అచ్చట "కాలూ" అని పిలుచుచుండిరని 2020 జూన్ మాసమున వెల్లడించెను. బలిష్ఠమైన గుఱ్ఱమని దాని యర్థమనుకొంటిననియు, నల్లవాడని తరువాత తెలిసినదనియు చెప్పెను. పిదప, వారిలో నొకరు తనతో మాటలాడి ప్రేమతోనే యట్లు పిలిచితినని చెప్పిరనియు తెలిపెను. ఇది యజమాని చేసిన తప్పు కాదు. నిబంధనల పుస్తకము పట్టుకొనలేని తప్పు. విద్యార్థులారా, మన పాఠశాల ఆవరణమున "నల్లోడా" యను పిలుపు ఎన్నిమార్లు వినబడుచున్నదో మీకు తెలియును. పిలువబడువాడు నవ్వినంతమాత్రమున వానికి నొప్పి లేదని తలపరాదు.

కడపట వెలి యను మాటను గూర్చి రెండు పలుకులు. ఈ దేశమున వెలి యనునది ఎక్కువగా బలవంతుడు బలహీనునిమీద ప్రయోగించిన ఆయుధము. గొప్ప బౌలరైన పల్వంకర్ బాలూకు, అతని కులమునుబట్టి, పూనా క్లబ్బులో వెలుపలనే వేఱు పాత్రలో తేనీరు పోసిరి. అంతటి నేర్పరియైనను హిందూజట్టు నాయకత్వమునకు అతనిని ఎన్నుకొనలేదు. అతని తమ్ముడు విఠల్ 1923లో ఆ పదవి నొందెను. బాలూను దూరముగా నుంచినవారు ఏ నేరమును మోపలేదు, విచారణ చేయలేదు. మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. కావున ద్వేషించువానిని తొలగించునప్పుడు సహితము మనము ఆ పాత వెలి పద్ధతిని పట్టరాదు. ముందుగా వ్రాసిన నియమము, తెలియజేసిన నేరము, సమాధానము చెప్పుకొనుటకు గడువు, పలువురి సమ్మతి — ఈ నాలుగును ఉన్నయెడల అది న్యాయము. లేనియెడల అది పగ.

సంక్రాంతికి మన తీరగ్రామములలో చెడుగుడు పందెములకును క్రికెట్ పందెములకును దాతలు బంతులు, చొక్కాలు, బహుమతులు ఇత్తురు. మన జట్లకు వారే యజమానులు. ఫలాని పాలెము పిల్లలు ఆడరాదనియో, వేఱుగా భోజనము చేయవలెననియో దాత యెవరైన పలికినచో ఏమి చేయుదురు? చొక్కాలు తీసికొన్న పిదప ఆలోచించిన ఆలస్యమగును. కావున జట్లు చేరునాడే, కులమునుబట్టి, వర్ణమునుబట్టి, మతమునుబట్టి ఎవరిని వేఱుచేసినను ఆ దాతకు ఈ పందెములతో సంబంధముండదని ఒక కాగితముమీద వ్రాసి అందఱిచేతను చేవ్రాలు చేయింపుడు. బంతికంటె ఆ కాగితము ముందు సిద్ధముగా నుండవలెను.